కుండీ మొక్కకు నీళ్ల లెక్క

మేడ మీద పది అంగుళాల కుండీలో ఒక మందారం ఉందనుకుందాం. మే నెల ఎండకు, బాగా ఆకున్న మొక్క రోజుకో లీటరు నీళ్లు తాగేస్తుంది. అవి బోరు నీళ్లై, లీటరుకు 1,000 మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉంటే, రోజుకో గ్రాము కుండీలోకి చేరుతుంది. మార్చి 1 నుంచి జూన్ మొదటి వారం దాకా వంద రోజులు. అంటే వంద గ్రాములు. నీళ్లు ఆవిరైపోతాయి, లవణాలు ఎక్కడికీ పోవు. మొక్క పీల్చుకునేది అందులో కొద్దిభాగమే. ఎనిమిది లీటర్ల మట్టిలో గుప్పెడు ఉప్పు కలిపి మొక్కను పెంచుతున్నామన్నమాట.

తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి ఇళ్లల్లో కుండీ మొక్కలకు వచ్చే కష్టాలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. ఆకు చివర మాడితే ఎండదెబ్బ అనుకుంటాం. ఆకు పసుపు తిరిగితే ఎరువు చాల్లేదనుకుంటాం. మొగ్గలు రాలిపోతే ఎవరి దిష్టో తగిలిందంటాం. నర్సరీకి వెళ్తే ఒక ఎరువు పొట్లం, ఒక పురుగుమందు సీసా చేతికొస్తాయి. రసాయన ఎరువు కూడా లవణమే కాబట్టి ఉన్న ఉప్పుకు ఇంకొంత తోడవుతుంది. మొక్క నాలుగు రోజులు ముందే పోతుంది.

పప్పు ఉడకని నీళ్లు

మన బోర్లలోకి నీరు గ్రానైటు పొరల సందుల్లోంచి ఊరుతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లకు కొదవలేదు. ఏళ్ల తరబడి రాతి సందుల్లో నిలిచిన నీరు కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్లను, కొన్నిచోట్ల ఫ్లోరైడును కూడా కరిగించుకుని పైకొస్తుంది. కందిపప్పు ఎంతకీ ఉడక్కపోవడం, సబ్బు నురగ రాకపోవడం, కుళాయి మూతి చుట్టూ తెల్లగా పెచ్చు కట్టడం ఈ నీళ్ల గుర్తులు. మట్టికుండీని ఒకసారి దగ్గరగా చూడండి. బయటి గోడ మీద, అంచు కింద అదే తెల్లదనం పొరలు పొరలుగా కనిపిస్తుంది. గోటితో గీకితే పొడి రాలుతుంది. గోడలోంచి చెమర్చిన నీరు ఆరిపోయి అక్కడ వదిలివెళ్లిన లవణమది. ప్లాస్టిక్ కుండీలో గోడ చెమర్చదు, ఆ పొడి మట్టి పైనా లోపలా పేరుకుంటుంది. కనబడలేదు కదా అని ధీమాగా ఉండకూడదు.

ఒకే ఊళ్లో కూడా నీళ్లన్నీ ఒకటి కావు. తిరుపతిలో కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లు వచ్చే వీధికీ, బోరు మీదే నడిచే అపార్టుమెంటుకూ చాలా తేడా ఉంటుంది. ఎవరి నీళ్లు వాళ్లే కొలుచుకోవాలి. కరిగిన లవణాలను కొలిచే, పెన్నులాంటి టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఎరువుల మీద పెట్టే డబ్బులో మొదటి వాయిదా దానికి ఖర్చుపెట్టడం మేలు. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే గతి లేనప్పుడు 2,000 దాకా సరిపెట్టుకోవచ్చు. కుండీకి మాత్రం 500 లోపైతే దిగులు లేదు. 1,000 దగ్గరికొస్తే మట్టిని అప్పుడప్పుడు కడగాలి. 1,500 దాటితే సుకుమారమైన మొక్కలు ఆ నీళ్లమీద నిలవవు.

ఇళ్లల్లో ఒక పొదుపు అలవాటుంది. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్లను బకెట్టుకు పట్టి మొక్కలకు పోస్తాం. నీళ్లు వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే. లెక్క మాత్రం చూసుకోవాలి. యంత్రంలోకి 800 టీడీఎస్ ఉన్న మూడు లీటర్లు వెళ్తే మొత్తం లవణం 2,400 మిల్లీగ్రాములు. తాగడానికి వచ్చే ఒక లీటరులో 80 దాకా మిగిలిందనుకుంటే, తక్కిన 2,320 మిల్లీగ్రాములూ బయటికొచ్చే రెండు లీటర్లలో ఉంటాయి. అంటే లీటరుకు 1,160. అసలు నీళ్లకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఉప్పన. అవి ఇల్లు తుడవడానికి వాడండి, కుండీకి వద్దు. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. పట్టి పెట్టుకోవాల్సినవి అవి.

ఫ్లోరైడు సంగతి కొంచెం వేరు. తాగునీటిలో దీని హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, మరీ తప్పకపోతే 1.5. మనిషికి ఫరవాలేదనే ఈ మోతాదే డ్రసీనాకు, స్పైడర్ ప్లాంటుకు, పీస్ లిల్లీకి ఎక్కువ. ఆకు తక్కినదంతా నిగనిగలాడుతూ, చివర అంగుళం మాత్రం గోధుమరంగులో ఎండిపోతే అనుమానించాల్సింది దీన్నే. ఈ మొక్కలకు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయకండి, అందులోనూ ఫ్లోరైడు ఉంటుంది. ఏసీ నీళ్లో, వాన నీళ్లో పోయండి. మాడిన చివర మళ్లీ పచ్చగా కాదు. కొత్తగా వచ్చే ఆకు బాగుంటే చికిత్స పనిచేసినట్టే.

మరి చేరిన ఉప్పును వదిలించడం ఎట్లా? కుండీ ఎంతుందో దానికి రెండింతల నీళ్లు పోసి కింది రంధ్రంలోంచి కారనివ్వాలి. పది అంగుళాల కుండీలో సుమారు ఎనిమిది లీటర్ల మట్టి పడుతుంది కాబట్టి పదహారు లీటర్లు, అంటే బకెట్టు నిండా. ఒక్కసారిగా కుమ్మరించకుండా అరగంట పాటు మగ్గులతో పోస్తూ పోవాలి. ఫిబ్రవరి చివర ఒకసారి, ఏప్రిల్ చివర ఒకసారి చేస్తే వేసవి గట్టెక్కుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. గచ్చు పాడవుతుందనో, కింది వాటావాళ్లు గొడవ చేస్తారనో, చుక్క బయటికి కారకుండా కొలిచి పోసేవాళ్ల కుండీలోనే ఉప్పు ఎక్కువ పేరుకుంటుంది. నిండుగా పోసి కారనిచ్చేవాళ్ల మొక్కలు అవే నీళ్లతో బాగుంటాయి.

వాన ఈ పనిని ఉచితంగా చేస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్లకు పైగా కురిస్తే, అందులో నలభై శాతం పైచిలుకు, అంటే సుమారు 390 మిల్లీమీటర్లు అక్టోబరు–డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలు ఇచ్చేదే. పది అంగుళాల కుండీ మూతి మీద అది సుమారు 20 లీటర్లు పడినట్టు. ఒక బకెట్టు కడుగుడుకు సమానం, పైగా ఉప్పులేని నీళ్లు. వరండాలో, సన్‌షేడు కింద ఉన్న కుండీలకు ఇందులో చుక్క కూడా దక్కదు. దీపావళికి ఇల్లు సర్దేటప్పుడు వాటిని ఆరుబయట పెట్టండి.

ఉప్పుతో వచ్చే ఇంకో చిక్కు పసుపు ఆకు. ఏ ఆకు పసుపు తిరిగిందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. కింది ముదురాకులు పాలిపోతే నత్రజని చాలలేదనో, నీళ్లు ఎక్కువయ్యాయనో అర్థం. పైన కొత్తగా వచ్చిన లేతాకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా గీతల్లా కనిపిస్తే అది ఇనుము లోపం. మందారం, నూరువరహాలు, కుండీలో పెంచే నిమ్మ దీనికి తొందరగా లొంగుతాయి. మట్టిలో ఇనుము లేక కాదు. క్షారగుణమున్న బోరు నీళ్లు పోయగా పోయగా మట్టి ఉదజని సూచిక 7.5 దాటిపోతుంది, అక్కడ ఇనుము వేళ్లకు అందని రూపంలోకి మారిపోతుంది. మన వేరుశనగ రైతులకు ఇది తెలిసిన సంగతే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులు తడిసేట్టు సాయంత్రం పిచికారీ చేయడం వాళ్లకు చెప్పే మోతాదు. కుండీకీ అదే చాలు. అన్నభేదిని మట్టిలో వేస్తే అది కూడా కొద్దిరోజుల్లోనే బిగుసుకుపోతుంది. కొనే ఇనుము చీలేటు డబ్బామీద అక్షరాలు చదవండి. ఈడీటీఏ రకం ఉదజని సూచిక 6.5 దాటిన మట్టిలో నిలవదు, మన మట్టికి పనికొచ్చేది ఈడీడీహెచ్ఏ.

మూడు కిలోల తేడా

ఇంట్లో ఉండే మొక్కల కథ దీనికి తలకిందులు. మేడమీద ఉప్పు చంపితే, హాల్లో తడి చంపుతుంది.

నర్సరీల దగ్గర రోజూ వినిపించే మాటలివి. “ఏమ్మా, మొన్ననే కదా తీసుకపోతివి, అప్పుడే వాడిపాయనా?” “రోజూ నీళ్లు పోస్తానే ఉండానన్నా!” జవాబు ఆ రెండో మాటలోనే ఉంది. వేళ్లు కూడా గాలి పీలుస్తాయి. గాలిలోకన్నా నీటిలో ప్రాణవాయువు దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మట్టి రంధ్రాలన్నీ నీటితో నిండి ఉంటే వేళ్లకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు. కాబట్టి తడిమట్టిలోనే మొక్క దాహంతో వాలిపోతుంది. వాలింది కదా అని మనం ఇంకో చెంబు పోస్తాం.

అనుమానమొస్తే మొక్కను కుండీలోంచి బోర్లించి తీసి చూడండి. బాగున్న వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి, పట్టుకుంటే గట్టిగా తగులుతుంది. కుళ్లిన వేరు నల్లగా ఉంటుంది. వేళ్ల మధ్య పెట్టి లాగితే పై తొక్క జారి చేతికొస్తుంది, లోపల దారంలాంటి ఈనె ఒక్కటే మిగులుతుంది. మురుగు వాసన వేస్తుంది. నల్లటి వేళ్లన్నీ కత్తిరించి, పొడిగా, గుల్లగా ఉన్న కొత్త మట్టిలో చిన్న కుండీకి మార్చి, నీడన పెట్టి, మట్టి పైన రెండంగుళాలు ఆరేదాకా నీళ్లు ముట్టకపోతే సగం మొక్కలైనా తేరుకుంటాయి. పెద్ద కుండీకి మార్చడం ఈ సమయంలో పెద్ద పొరపాటు. వేళ్లు చేరని మట్టిలో నీళ్లు అట్లాగే నిలిచిపోతాయి.

నీళ్లు ఎప్పుడు పోయాలన్న ప్రశ్నకు గడియారం, క్యాలెండరు పనికిరావు. బరువు పనికొస్తుంది. పది అంగుళాల కుండీలో మట్టి నిండుగా తడిసి, కారాల్సింది కారిపోయాక దాదాపు మూడు లీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది. అంటే తడి కుండీకీ ఎండిన కుండీకీ మధ్య మూడు కిలోల తేడా. ఒక అంచు పట్టుకుని కొంచెం పైకెత్తితే నాలుగు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది. తేలికగా తోస్తే నిండుగా పోయండి, బరువుగా తోస్తే వదిలేయండి. మేడమీదికైనా హాల్లోకైనా సూత్రం ఒకటే: పోస్తే కింద కారేదాకా పోయాలి, ఆ తర్వాత మట్టి ఆరేదాకా ఆగాలి. మనం చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రోజూ కొంచెం కొంచెం చిలకరిస్తాం. ఆ చిలకరింపుకు మట్టి పై అంగుళం బురదగా, కింద వేళ్ల దగ్గర పొడిగా, మొత్తంగా ఉప్పగా తయారవుతుంది.

కుండీ అడుగున గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది చాలామంది నమ్మకం. సన్నని మట్టి నిండుగా తడిస్తే గాని కింది రాళ్లలోకి నీటిని వదలదు. అంటే అడుగున ఉండే ఊబి అంత మేర పైకి జరిగి, వేళ్లకు దగ్గరవుతుంది. రంధ్రానికి అడ్డంగా ఒక పెంకు ముక్క చాలు. మన ఎర్రమట్టి ఒక్కటే నింపితే నాలుగు తడులకే రాయిలా బిగుస్తుంది. మూడో వంతు ఎర్రమట్టి, మూడో వంతు కొబ్బరి పొట్టు, మూడో వంతు మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో కలిపితే సరిపోతుంది. వేరుశనగ పొట్టు బాగా కుళ్లబెట్టింది దొరికితే కొబ్బరి పొట్టుకు బదులు అదీ వాడొచ్చు. ఐదు కిలోల కొబ్బరి పొట్టు దిమ్మె నానితే 70 లీటర్లకు పైగా అవుతుంది. కొబ్బరి పొట్టులోనూ ఉప్పుంటుంది కాబట్టి రెండుసార్లు కడిగి పిండాలి.

తులసి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో కుండీ మొక్క లేని ఇల్లుండొచ్చు గాని తులసి లేని ఇల్లు అరుదు. సిమెంటు తులసికోటల్లో చాలావాటికి అడుగున రంధ్రం ఉండదు. రోజూ స్నానం కాగానే చెంబెడు నీళ్లు, పండగనాడు పాలు, దీపంలోంచి ఒలికిన నూనె, పసుపు కుంకుమలు అన్నీ ఆ మట్టిలోకే. పూజకు ఉద్ధరిణెడు తీర్థం చాలు, అది ఐదారు మిల్లీలీటర్లు. దానివల్ల తులసికి ఏ ఇబ్బందీ లేదు. వేళ్లకు కావలసిన నీళ్లు మట్టి ఆరినప్పుడు వేరుగా పోయండి. దీపాన్ని కోట గూట్లోనో, కింద పీట మీదో పెట్టండి. కంకులు వచ్చినవి వచ్చినట్టే తుంచితే మొక్క ఇంకా గుబురెక్కుతుంది. గింజ కట్టనిస్తే తొందరగా ముదిరిపోతుంది. బాగా చూసుకున్నా తులసి రెండు మూడేళ్ల మొక్క, అందుకే పక్కనే ఒక నారు మొక్క ఎప్పుడూ ఉండాలి. కోటకు రంధ్రం లేకపోతే కార్తికంలోపే వేయించండి. దీపాల నెల, పెద్ద వానల నెల మనకు ఒక్కటే. తిరుపతి వీధులు వాగులైన 2021 నవంబరు వానలు కార్తిక పౌర్ణమి రోజుల్లోనే పడ్డాయి.

కడియం నుంచి, బెంగళూరు నుంచి

తిరుపతి నర్సరీల్లో కనిపించే మొక్కల్లో చాలావాటి పుట్టిల్లు తూర్పు గోదావరి జిల్లా కడియం. ఇక్కడికి సుమారు ఐదున్నర వందల కిలోమీటర్లు. గోదావరి కాలువల పక్కన, తేమగాలిలో, షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్క ఒకటి రెండు రోజులు లారీలో ఊగి మన పొడి ఎండలోకి దిగుతుంది. కొన్న రోజే ఎండలో పెడితే ఆకులు రాల్చేస్తుంది. రెండు వారాలు చెట్టు నీడలో, తర్వాత ఉదయపు ఎండలో, ఆ తర్వాతే పూర్తి ఎండలో పెట్టాలి. దాని వేళ్ల చుట్టూ ఉండే బిగుతు మట్టిముద్దను గమనించండి. అదే ముద్దను గుల్ల మట్టిలో పెట్టి నీళ్లు పోస్తే, నీళ్లు ముద్దను వదిలి చుట్టూ ఉన్న గుల్ల మట్టిలోంచి దిగిపోతాయి. కుండీ తడిగా ఉంటుంది, ముద్ద మాత్రం ఎండిపోతుంది. నాటేముందు ముద్దను బకెట్టు నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, బయటి మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేయాలి.

జనవరిలో, ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు వెళ్లి మోజుపడి తెచ్చుకునే మొక్కలది ఇంకో లెక్క. బెంగళూరు ఎత్తు 900 మీటర్ల పైన, తిరుపతి 160 దగ్గర. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చూసినా ఐదు డిగ్రీల తేడా. ఏడు వందల మీటర్ల ఎత్తున్న మదనపల్లెలో బతికే జెరేనియం తిరుపతి మే నెలను దాటలేదు. పెంచేవాళ్ల చేతిలో లోపమేమీ లేదు, ఊరి ఎత్తే అంత. తిరుపతిలో కాగితంపూలు, నందివర్ధనం, నూరువరహాలు, ఎడారి గులాబీ కళకళలాడతాయి.

వేసవిలో మేడ గచ్చు 50 డిగ్రీలు దాటుతుంది. వేళ్లు 40 దాటితేనే దెబ్బతినడం మొదలుపెడతాయి. నల్లటి ప్లాస్టిక్ కుండీని గచ్చు మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద పెట్టండి, కుండీలను దగ్గర దగ్గరగా చేర్చి ఒకదాని నీడ ఇంకోదాని మీద పడేట్టు చూడండి, పైన 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. మధ్యాహ్నం సింటెక్స్ ట్యాంకు నీళ్లు పోయకండి, చేయి పెట్టలేని వేడి వేళ్లకు మాత్రం ఎట్లా పడుతుంది? ఉదయం ఎనిమిది లోపు పోయడం ఉత్తమం.

ఇంటి లోపల కొరత వెలుతురిది. ఆరుబయట మధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులు. కిటికీ పక్కన అది వెయ్యి నుంచి ఐదు వేలకు పడిపోతుంది. రెండు మూడు మీటర్లు లోపలికి, సోఫా మూలకు చేరేసరికి ఒకటి రెండు వందలు. మన కన్ను ఈ తేడాను సర్దుకుంటుంది, ఆకు సర్దుకోలేదు. ఫోనులో లక్స్ మీటరు యాప్ వేసుకుని మొక్క పెట్టే చోట చూడండి. 250 కన్నా తక్కువుంటే మనీప్లాంటు కూడా సాగి సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి వెలవెలపోతుంది. 500 ఉంటే స్నేక్ ప్లాంటు, జెడ్‌జెడ్ నిలబడతాయి. అరీకా పామ్‌కు వెయ్యికి పైనే కావాలి.

పిండినల్లి, ఎర్రనల్లి

పురుగులను చివరికి ఉంచడానికి కారణముంది. ఉప్పుతోనో తడితోనో నీరసపడ్డ మొక్కనే అవి ఎక్కువగా పట్టుకుంటాయి.

మందారం కొసల్లో దూది అంటుకున్నట్టు కనిపించే పిండినల్లికి మన దక్షిణాదిలో ఒక చరిత్ర ఉంది. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో మొదటిసారి కనబడి, బొప్పాయితో పాటు మల్బరీ, మందారం తోటలను కూడా పీల్చేసింది. మందులు పనిచేయలేదు, మైనపు పొర వాటిని లోపలికి పోనివ్వదు. 2010లో ప్యూర్టోరికో నుంచి అసిరోఫేగస్ పపాయే అనే అతిచిన్న పరాన్నజీవి కందిరీగను తెప్పించి, బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధన సంస్థవాళ్లు పెంచి వదిలారు. అది పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెట్టి దాన్ని లోపలినుంచి తినేస్తుంది. ఏడాది రెండేళ్లలో పురుగు అదుపులోకొచ్చింది. ఘాటైన మందు కొట్టిన ప్రతిసారీ ఇట్లాంటి స్నేహితులనే ముందు చంపుకుంటాం.

ఒక ఆడ పిండినల్లి వంద నుంచి ఆరువందల గుడ్ల దాకా పెడుతుంది. కాబట్టి పది కనిపించినప్పుడే పని మొదలుపెట్టాలి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి, బాగా పట్టిన కొసను తుంచి పారేయండి. చీమల దారిని కూడా కట్టడి చేయాలి. పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, కందిరీగలను దగ్గరికి రానివ్వవు. ఆ తర్వాత వేపనూనె. సీసా మీద 1,500 పీపీఎం అని ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, 10,000 అని ఉంటే 1 మిల్లీలీటరు. రెండింటిలోనూ లీటరులో కలిసే అసలు మందు 7.5 నుంచి 10 మిల్లీగ్రాములే. సీసా అంకె చూడకుండా 10,000 రకాన్ని ఐదు మిల్లీలీటర్లు కలిపితే ఆకు మాడుతుంది. కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం మాత్రమే కొట్టండి.

ఎర్రనల్లి అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆకు మీద పిన్నుతో పొడిచినట్టు లేత చుక్కలు, అడుగున సన్నని గూడు దాని గుర్తులు. ముప్పై డిగ్రీల పొడిగాలిలో గుడ్డు నుంచి పెద్ద పురుగవడానికి దానికి వారం పది రోజులు చాలు. ఒక్కసారి మందు కొట్టి ఊరుకుంటే గుడ్లలోంచి మళ్లీ పుడుతుంది. ఐదు రోజులకోసారి మూడు విడతలుగా ఆకుల అడుగువైపు నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు మందే అక్కర్లేదు.

కుండీ కింది పళ్లెంలో నిలిచే నీళ్లు వేళ్లకే కాదు, ఇంట్లో మనుషులకూ ముప్పే. డెంగీ మోసే ఈడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కలదాకా రావడానికి ఏడు నుంచి పది రోజులు తీసుకుంటుంది. ఆరోగ్యశాఖ శుక్రవారం డ్రై డే అనడం వెనక లెక్క అదే. పళ్లెం ఒంపేస్తే సరిపోదు, లోపలి గోడను పీచుతో రుద్ది కడగాలి. ఆ దోమ గుడ్లు పళ్లెం గోడకు అంటుకుని, తడి లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి.